ముందు పది సెంట్లలో చూద్దాం

రోహిణి కార్తె వచ్చిందంటే చాలు, మన ఇళ్ళల్లో రోజూ ఇదే గొడవ. ఈ ఏడు ఏం వేద్దాం, ఏ రకం వేద్దాం, ఎప్పుడు వేద్దాం? ఇంతలో ఎవరో ఒకరు కొత్త మాట పట్టుకొస్తారు. వ్యవసాయాధికారి వచ్చి నాట్లు మానేసి వడ్లు వెదజల్లి చూడమంటాడు. పట్నంలో ఉద్యోగం చేసే మరిది ఫోన్లో వీడియో చూపించి "ఇది వెయ్యండి వదినా, ఎకరానికి లక్షలట" అంటాడు. పొదుపు సంఘం మీటింగులో ఇంకొకావిడ వానలకు ముందే నవధాన్యాలు చల్లమంటుంది. మామగారు తువ్వాలు దులిపి భుజానేసుకుని "మా నాయన చేసిందే నేను చేస్తా" అని లేచి వెళ్ళిపోతారు. మీ ఆయన ఎటూ తేల్చడు. రాత్రి కంచం ముందు కూచుని కూడా పరధ్యానమే. మధ్యలో మనం. ఎవరి వైపు మాట్లాడినా ఇంకొకరికి కోపం.

రా చెల్లీ, టీ పెట్టాను, కూచో. ఇవాళ ఈ సంగతి తేల్చుకుందాం.

కొత్త మాట వినగానే మనవాళ్ళు బిగుసుకుపోయేది తెలివి లేక కాదు. మొండితనం అని కూడా అనకు, వాళ్ళ మనసు కష్టపడుతుంది. అది భయం. ఉద్యోగస్తుడికి ఒక నెల పని చెడినా ఒకటో తారీఖు జీతం పడుతుంది. మనకు ఒక పంట పోతే మళ్ళీ ఏడాది దాకా చెయ్యి ఆడదు. పెట్టుబడికి తెచ్చింది అప్పు, ఆ అప్పుకు నీ మెడలో గొలుసో, గాజులో పూచీ. అలాంటప్పుడు "పోయినేడు ఎంతో కొంత వచ్చిందిగా, అదే చేద్దాం" అనుకోవడం తప్పెలా అవుతుంది? ఇంకో భయం కూడా ఉంది, దాన్ని మగవాళ్ళు నోరు విప్పి చెప్పరు. నలుగురూ నవ్వుతారని. మన చేను నాలుగు గోడల మధ్య ఉండదు కదా. గట్టు మీద పోయేవాడల్లా ఆగి చూస్తాడు, సాయంత్రం రచ్చబండ దగ్గర దాని మీద నాలుగు జోకులు. ఈ రెండు భయాలూ ఉన్నాయని ముందు మనం ఒప్పుకుంటే, వాటికి మందేమిటో ఆలోచించొచ్చు. వాదించి గెలుద్దామనుకుంటే మాత్రం కుదరదు. మామగారితో వాదించి గెలిచిన కోడల్ని ఎక్కడైనా చూశావా?

వాదించే బదులు ఒకసారి ఆయన కంచంలోకి చూపించు. ఆయన ఇష్టంగా తినే సాంబమసూరి అన్నం ఉందే, బీపీటీ 5204, అది బాపట్ల పరిశోధనా స్థానంలో పుట్టి 1986లో రైతుల చేతికొచ్చింది. ఆయన వయసులో ఉండగా వచ్చిందే! గోదావరి జిల్లాల వాళ్ళు తాతల నాటిదన్నట్టు చెప్పుకునే స్వర్ణ, ఎంటీయూ 7029, మార్టేరు నుంచి 1982లో వచ్చింది. అంతకు ముందు ఐఆర్-8. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో దాన్ని విడుదల చేస్తే, మరుసటి ఏడే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు వేసి చూపించారు. పొట్టి పైరు, ఎరువేస్తే పడిపోదు, గింజ విరగకాస్తుంది. అన్నం మాత్రం చల్లారితే గట్టిపడేదని మన ఆడవాళ్ళు మూతి విరిచారు. ఆ మాటా వృథా పోలేదు, తర్వాత వచ్చిన రకాల్లో రుచికీ చోటు దొరికింది.

మిరపకాయ మాటేమిటి? గుంటూరు కారం మన సొంతమని ఎంత గర్వపడతాం! అది అమెరికా ఖండంలో పుట్టి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన రేవులకు చేరింది. అంతకు ముందు మన కూరల్లో మిరియాల ఘాటే. రాయలసీమ నేలల్ని దశాబ్దాలుగా కమ్ముకున్న వేరుశనగ పుట్టిందీ దక్షిణ అమెరికాలోనే. ఎవరో ఒక తాత, గట్టు మీద వాళ్ళు నవ్వుతుంటే, మొదటిసారి ఆ గింజ నాటి ఉంటాడు. అంటే కొత్త మాట వినడం కూడా మనకు తాతల నుంచి వచ్చిన అలవాటేనన్నమాట. మామగారితో ఈ మాట అనేటప్పుడు మాత్రం మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, నవ్వుతూ అను.

సరే, ఇన్నాళ్ళూ చేసింది చేసుకుపోతే ఏమైందిప్పుడు అంటావా? మనం మారకపోయినా చుట్టూ ఉన్నవి మారిపోతున్నాయి చెల్లీ. కార్తెలు పంచాంగంలో వచ్చినట్టు వానలు రావడం లేదు. మృగశిరలో రావలసింది పుష్యమి దాకా ముఖం చూపదు, కోత కోసి కల్లంలో పోశాక కుండపోత. ఇక పురుగులు. 2021లో మిరప వేసినవాళ్ళను అడుగు. గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా ఏ చేను చూసినా పూవులోనే చేరి పీల్చేసే నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చిందది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. ఆకుల మీద తిరిగే మామూలు తామర పురుగు మన పెద్దలకు తెలుసు. ఇది పూతలో దూరుతుందనీ, పిందె కట్టనివ్వదనీ వాళ్ళకెలా తెలుస్తుంది? వాళ్ళ కాలంలో అది ఇక్కడ లేనేలేదు.

అప్పుడేం జరిగిందో గుర్తుంది కదా? తెలిసిన మందులన్నీ కొట్టారు. ఒకటి పనిచెయ్యకపోతే రెండు కలిపి, రెండూ చాలకపోతే మూడు కలిపి. పురుగు చావలేదు సరికదా, దాన్ని తినే మంచి పురుగులు చచ్చాయి. కొందరు గుండె రాయి చేసుకుని కాపు మీదున్న తోట పీకేశారు. శాస్త్రవేత్తలు మాత్రం మందు మీద మందు కలపొద్దని, యూరియా తగ్గించమని, చేలో నీలం రంగు జిగురు అట్టలు పెట్టమని, వేపనూనె వాడమని చెప్పుకుంటూ వచ్చారు. కాపు కళ్ళముందే రాలిపోతుంటే అట్టలు పెట్టుకోమనే మాట ఎవరి చెవికెక్కుతుంది? అందుకే అంటాను, సలహాదారుతో పరిచయం పురుగు రాకముందే ఉండాలి. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వితే ఏం లాభం?

అయితే నీ అసలు బెంగ నాకు తెలుసు. "ఎవరి మాట నమ్మాలక్కా?" అదే కదా?

మందుల కొట్టతను మంచివాడే కావచ్చు. పెళ్ళికి పిలుస్తాం, అప్పు కూడా పెడతాడు. కానీ ఒక్క సంగతి మనసులో పెట్టుకో. అతను సలహాకు డబ్బు తీసుకోడు, సీసాకు తీసుకుంటాడు. రైతు అడిగిన ప్రతిసారీ మందు ఇవ్వడమే అతని బతుకుతెరువు. "ఇప్పుడేమీ కొట్టక్కర్లేదు, నాలుగు రోజులు చూడండి" అని చెప్పే మనిషి మనకు ఇంకొకరు కావాలి. అందుకే కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు, ఆంధ్రాలో రైతు సేవా కేంద్రం, తెలంగాణలో రైతు వేదిక దగ్గర విస్తరణ అధికారి. వాళ్ళందరూ చెప్పిందల్లా వేదమని కాదు, వాళ్ళకు సీసా అమ్ముకునే అవసరం లేదు, అంతే. ఎవరూ దొరకని రోజున కిసాన్ కాల్ సెంటర్ ఉంది. 1800-180-1551. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా, తెలుగులోనే మాట్లాడతారు, కాల్‌కి డబ్బు పడదు. ఇప్పుడే ఫోన్లో ఎక్కించుకో, మళ్ళీ మరిచిపోతావ్. పేరు "అక్క" అని పెట్టుకున్నా నాకభ్యంతరం లేదు.

ఎవరు సలహా చెప్పినా, వాళ్ళకి మంచినీళ్ళిచ్చి కూచోబెట్టి, మెల్లగా కొన్ని ప్రశ్నలడుగు. ఇది మనలాంటి నేలలో ఎవరైనా వేశారా, వాళ్ళ చేను మేం వెళ్ళి చూడొచ్చా? నీళ్ళు ఎన్ని కావాలి? కూలి ఎంతవుతుంది, ఆ కూలి ఏ నెలలో కావాలి? పండితే ఎవరు కొంటారు, ఇదివరకు ఎవరి దగ్గర కొన్నారు? ఆఖరుగా, కాస్త నవ్వుతూనే, "ఇందులో మీకేమిటండీ?" అని కూడా. మంచి సలహాదారు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. నొచ్చుకుని లేచిపోయాడనుకో, మనకు జవాబు దొరికినట్టే.

ఈ ప్రశ్నలు అడగకపోతే ఏమవుతుందో ఈము పక్షులు మనకు నేర్పాయి. గుర్తున్నాయా ఆ పొడుగు కాళ్ళ పక్షులు? గుడ్డు ఇంత, నూనె అంత, మాంసం ఇంకెంతో అని చెబితే మన జిల్లాల్లో ఎంతమంది షెడ్లు వేశారో! పిల్లల్ని అమ్మినవాళ్ళు బాగానే ఉన్నారు. 2012 వచ్చేసరికి కొనేవాడు లేడు, మేత పెట్టే శక్తి లేదు. అదీ బయటి సలహాయే, అదీ కొత్త దారే. "దీని మాంసం మన సంతలో ఎవరు తింటున్నారు?" అని ఒక్క ఇల్లాలు గట్టిగా అడిగి ఉంటే కొన్ని షెడ్లైనా ఆగేవి. సంతలో ఏది అమ్ముడవుతుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు?

ఇప్పుడు నాకిష్టమైన ఊరి కబురు చెబుతా. పాల్వంచ దగ్గర పునుకుల. అప్పట్లో ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. పత్తి ఊరు. పత్తి అంటే మందులు, మందులంటే అప్పు, ఆ అప్పు తీర్చడానికి పంటంతా మందులిచ్చినవాడికే. పిచికారీ చేసి వచ్చిన మగవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోవడం, ఆసుపత్రికి మోసుకుపోవడం, ఆ ఖర్చు ఇంకో అప్పు. 1999 ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు వచ్చి, పురుగు మందు లేకుండా కూడా పురుగును అదుపు చెయ్యొచ్చన్నారు. ఊరు నమ్మిందా? ఎందుకు నమ్ముతుంది! ఎవరో కొద్దిమందే సరే చూద్దామన్నారు.

వాళ్ళు చేసింది మంత్రాలేమీ కాదు. వేసవిలో లోతు దుక్కి దున్నితే నేలలో దాక్కున్న పురుగు కోశాలు ఎండకు మాడతాయి, కొంగలు ఏరుకు తింటాయి. చేలో అక్కడక్కడా లింగాకర్షక బుట్టలు, దీపపు ఎరలు. పసుపు రంగు రేకులకు ఆముదం పూసి నిలబెడితే తెల్లదోమ అంటుకుంటుంది. చుట్టూ ఆముదం మొక్కలు, మధ్యమధ్యన బంతి మొక్కలు వేస్తే పురుగు పత్తిని వదిలి వాటి మీద గుడ్లు పెడుతుంది, ఆ ఆకు తుంచేస్తే సరి. పిట్టలు వాలడానికి పంగల కర్రలు. అప్పటికీ పురుగు మిగిలితే వేప గింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం.

ఈ పనుల్లో సగం ఎవరి చేతిలో ఉన్నాయో చూశావా? వేప గింజలు ఏరేది, ఎండబెట్టేది, దంచేది మనమే. వెల్లుల్లి నూరేది మనమే. ఆకు వెనక్కి తిప్పి గుడ్లున్నాయా అని చూసే ఓపికా మనదే. పునుకులలోనూ మహిళా సంఘాలే పట్టుబట్టాయి. "మందు డబ్బాలు ఇంట్లోకి రావద్దు" అని భర్తలతో చెప్పడానికి వాళ్ళకు పుస్తకాల జ్ఞానం అక్కర్లేకపోయింది, ఆసుపత్రి వరండాలో కూచున్న రాత్రులు చాలు. కొందరి చేలల్లో ఖర్చు తగ్గడం కళ్ళారా చూశాక మిగతావాళ్ళు కదిలారు. 2004 నాటికి ఊరంతా పురుగు మందులు మానేసింది. తర్వాత ఈ పద్ధతి సంఘాల ద్వారానే రాష్ట్రంలో వేల ఊళ్ళకు పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి సేద్యం కార్యక్రమానికీ ఈ సంఘాలే ఊతం. అందులో నాకు బాగా నచ్చినదేమిటంటే, నేర్పడానికి వచ్చేది చాలాసార్లు ఇంకో ఊరి రైతే, ఇంకో ఊరి అక్కే. కాళ్ళకు మట్టి అంటిన మనిషి చెబితే మామగారు కూడా కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

నీకిప్పుడు ఉత్సాహం వచ్చేసి, రేపటి నుంచే ఐదెకరాలూ మార్చేద్దాం అనుకుంటున్నావేమో. ఆగాగు! అదే వద్దంటున్నాను.

మనం కొత్త రకం మామిడికాయ చూస్తే ఏం చేస్తాం? ఏడాది ఆవకాయంతా దాంతో పెట్టేస్తామా? చిన్న జాడీలో కొంచెం పెట్టి చూస్తాం. ముక్క మెత్తబడలేదు, రుచి బాగుంది అనుకుంటే పైయేడు పెద్ద జాడీ. చేనుకూ అంతే. పది సెంట్లు చాలు, తెలంగాణ లెక్కన నాలుగు గుంటలు. అందులో కొత్త పద్ధతి, పక్కనే అంతే చోటులో మన పాత పద్ధతి. రెండింటికీ ఒకే నేల, ఒకే నీళ్ళు, ఒకే రోజు విత్తనం. పోతే పది సెంట్ల పంటే పోతుంది, గాజులు చేతికే ఉంటాయి. "ముందు పది సెంట్లలో చూద్దాం మావయ్యా, ఆ బోరు పక్క మూల" అంటే ఆయనకూ కాదనడానికి ఏమీ మిగలదు. నవ్వేవాళ్ళకు కూడా ఆ మూల అంతగా కనబడదులే.

ఒక నోటు పుస్తకం పెట్టు. పిల్లాడి పాత లెక్కల పుస్తకంలో మిగిలిన కాగితాలైనా పరవాలేదు. ఏ తారీఖున విత్తాం, ఎంత ఖర్చు, ఎన్ని కూలీలు, ఎన్ని తడులు, కోత రోజున ఎన్ని బస్తాలు. మన మనసు బాగా పండిన ఏడునే గుర్తుపెట్టుకుంటుంది, కాగితానికి అలాంటి పక్షపాతం లేదు. దిగుబడి ఒక్కటే చూడకు, మిగిలింది చూడు. రెండు బస్తాలు తగ్గినా ఖర్చు సగమైతే మనం గెలిచినట్టే కదా!

ఓపిక కూడా కావాలి, ఎందుకంటే కొత్త పైరు మొదట్లో భయపెడుతుంది. శ్రీ వరి వచ్చినప్పుడు ఏమైందో చూడు. మడగాస్కర్‌లో హెన్రీ ద లాలానీ అనే క్రైస్తవ ఫాదరు అక్కడి రైతులతో కలిసి 1980ల్లో కుదిర్చిన పద్ధతి అది. మన దగ్గర 2003 ఖరీఫ్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు జిల్లా జిల్లాలో రైతుల పొలాల్లో వేయించి చూపించారు. ఎకరానికి ఇరవై, ముప్పై కిలోల విత్తనం పోసే మనకు రెండు కిలోలు చాలన్నారు. పది పన్నెండు రోజుల లేతనారు, కుదురుకు ఒక్కటంటే ఒక్క మొక్క, జానెడు జానెడు దూరంలో. నీళ్ళు నిలగట్టొద్దు, తడి ఆరి తడి పెట్టండి అన్నారు. నాటిన మొదటి మూడు వారాలు ఆ పొలం చూస్తే ఏడుపొచ్చేది. పక్క చేను పచ్చగా తివాచీలా ఉంటే మనది బోసిగా, పలచగా. పీకేసి మళ్ళీ నాటిద్దామా అని ఎన్ని ఇళ్ళల్లో గొడవలో! కాస్త ఆగినవాళ్ళు ఒక్కో కుదురుకు ముప్పై, నలభై పిలకలు లెక్కపెట్టుకున్నారు.

మరి అంత బాగుంటే అందరూ ఎందుకు చెయ్యడం లేదని అడుగుతావ్. అడగాలి కూడా. నీళ్ళు నిలబెట్టకపోతే కలుపు విపరీతం. దాన్ని వీడరుతో తొక్కించాలి. ఆ వీడరు బరువు, నల్లరేగడిలో అసలు కదిలేది కాదు. లేతనారు చేత్తో ఒక్కొక్కటే నాటడం నాట్ల కూలీలకు అలవాటు లేదు, నడుములు పోతున్నాయన్నారు. ఆ నడుములు మనవే కదా! సలహా ఇచ్చేటప్పుడు దిగుబడి లెక్క వేశారు, ఆ నడుముల లెక్క అంతగా వెయ్యలేదు. తర్వాత రైతులే తమ నేలకు తగ్గట్టు నాటే దూరానికి గీతలు గీసే మార్కర్లూ, వీడర్లూ మార్చి చేయించుకున్నారు. పూర్తిగా శ్రీ పద్ధతి మానేసినవాళ్ళలో కూడా లేతనారు నాటడం, దూరం పాటించడం అలవాటైనవాళ్ళున్నారు. నా లెక్కలో అదేమీ ఓటమి కాదు. పనికొచ్చింది ఉంచుకున్నారు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. సలహాలో మనకు నచ్చిన సగం తీసుకుని రెండో సగం పారేసే ముందు, అది ఎందుకు చెప్పారో అడగాలి. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు 450 గ్రాముల విత్తనం ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఇచ్చేవారు. చేను చుట్టూ వెయ్యండి, అది బీటీ కాదు అనేవారు. బీటీ కానిది వేస్తే పురుగు పడుతుంది కదా, ఎవరికి కావాలి అని మనవాళ్ళు దాన్ని గట్టు మీద పారేశారు. నిజానికి దాని మీద పురుగు పడాలనే ఇచ్చింది. బీటీకి తట్టుకునే మొండి పురుగులు ఒకదాంతో ఒకటి జత కట్టి మొండి సంతానం పెంచకుండా, ఆ పొట్లం మొక్కల మీద పెరిగిన మామూలు పురుగులతో కలవాలని. ఈ మాట విప్పి చెప్పినవాళ్ళు తక్కువ, అడిగినవాళ్ళు ఇంకా తక్కువ. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీని లెక్కచెయ్యకుండా కాయలో దూరింది. దానికి కారణాలు ఇంకా ఉన్నాయనుకో, ఆ పొట్లం పారెయ్యడం కూడా ఒకటి.

అడగాలంటే అక్కడ ఉండాలి కదా! రైతు వేదికలో మీటింగంటే మీ ఆయన వెళతాడు. వచ్చాక "ఏం చెప్పారు?" అంటే "ఏదో చెప్పార్లే" అంటాడు. కలుపు తీసేది నువ్వు, విత్తనం శుద్ధి చేసేది నువ్వు, పాడి చూసేది నువ్వు. ఆ చెప్పేదేదో నువ్వు వినొద్దా? పట్టా ఆయన పేరున ఉంటే ఉండనీ, కుర్చీకి పట్టా అక్కర్లేదు. పొద్దున్నే కూర వండి మూత పెట్టేసి, పక్కింటి వదిననో, తోటికోడల్నో తోడు తీసుకుని వెళ్ళు. ఒక్కదానివే లేచి అడగడానికి సిగ్గైతే, ముగ్గురు కలిసి ఒకరిచేత అడిగించండి. ఆ వచ్చిన విస్తరణ అధికారి కూడా చాలాచోట్ల ఇప్పుడు ఆడపిల్లే. చదువుకుని, స్కూటీ వేసుకుని ఎండలో ఐదారు ఊళ్ళు తిరుగుతుంటుంది. ఊళ్ళో పెద్దమనుషులు "నీకేం తెలుసమ్మా" అన్నట్టు చూస్తుంటే మనమైనా ఆ పిల్లకు అన్నం పెట్టి, చేలోకి తీసుకెళ్ళాలా వద్దా?

ఇంకో మాట చెప్పాలని ఉంది, నీకు కొంచెం ఇబ్బందిగా ఉన్నా సరే. వెదజల్లే వరితో మనకు నారు ఖర్చు, నాటు కూలి మిగులుతాయి, నిజమే. కానీ ఆ నాటు కూలే కొందరి ఇళ్ళల్లో శ్రావణ మాసపు బియ్యం. మన ఊరి నాట్ల ముఠా ఆడవాళ్ళతో ముందే మాట్లాడు. వెదజల్లితే కలుపు ఎక్కువ పడుతుంది, ఆ కలుపు పనికి వాళ్ళనే పిలుద్దాం. మనకు మంచి జరిగే మార్పు వాళ్ళ కడుపు మీద పడకుండా చూసుకునే వీలుంటే చూసుకోవాలి కదా. వీలు పూర్తిగా లేకపోతే, కనీసం వాళ్ళకు ఆఖరి రోజున తెలియడం కాకుండా ముందే తెలియనీ.

ఇక ఈ నెలలో చెయ్యాల్సిన పని ఒకటే చెబుతా. మట్టి పరీక్ష. పంట కోసేశాక, ఎరువులు తోలక ముందు. చేలో వంకరటింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల, పైన చెత్త పక్కకు నెట్టి, "వి" ఆకారంలో ఆరంగుళాల గుంట తీసి, దాని గోడ నుంచి పైనుంచి కింది దాకా పలచగా మట్టి గీకాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంట కుప్ప వేసిన చోట తియ్యొద్దు. అన్నీ కలిపి శుభ్రమైన గుడ్డ మీద పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చి, నీడలో ఆరబెట్టు. ఎరువు బస్తాలో మాత్రం పొయ్యకు, లెక్కంతా తప్పుతుంది. పట్టా ఎవరి పేరున ఉందో వాళ్ళ పేరు, సర్వే నంబరు, పోయినేడు వేసిన పంట, ఈ ఏడు వెయ్యబోయేది ఒక చీటీ మీద రాసి లోపల పెట్టు. ఆ కార్డు వచ్చాక చూడు, మనం అక్కర్లేని చోట ఎంత డీఏపీ పోస్తున్నామో. ఆ మిగిలిన డబ్బుతో పది సెంట్ల ప్రయోగం ఖర్చు వెళ్ళిపోవచ్చు.

విత్తనాలు, మందులు ఏవి కొన్నా బిల్లు తీసుకోమని ఆయనకు గట్టిగా చెప్పు. సంచీ మీద చీటీ, ఆ ఖాళీ సంచీ, బిల్లు, మూడూ పంట ఇంటికొచ్చే దాకా ఒక కవరులో పెట్టి నీ బీరువాలో దాచు. మొలక రాకపోతే అడగడానికి చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. మందు డబ్బా మీద డైమండ్ ఆకారపు గుర్తులో కింది సగం రంగు చూడు. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటిలోకి తక్కువ. పిచికారీ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. ఇది సలహా కాదు, ఆర్డరు.

సరే, ఇంత చేసీ ఆ పది సెంట్లలో పంట పోయిందనుకో. పోవచ్చు. అప్పుడు మామగారు "నే చెప్పలా?" అంటారు. అననీ. మీ ఆయన మీద నువ్వు, నీ మీద ఆయన నెపం వేసుకోకండి, అంతే. నోటు పుస్తకం తీసి, సలహా చెప్పిన మనిషికి ఫోన్ చెయ్యి. "ఇలా అయింది, వచ్చి చూడండి" అను. తిట్టడానికి కాదు. ఎక్కడ తేడా వచ్చిందో ఆయనకూ తెలియాలి, లేకపోతే రేపు ఇంకో ఊళ్ళో అదే మాట చెబుతాడు. వచ్చి చేలో దిగి చూసి, "ఇక్కడ నీళ్ళు ఎక్కువయ్యాయి" అనో, "ఈ నేలకు ఇది పనికి రాదు, నాదే పొరపాటు" అనో అన్నాడనుకో, ఆ మనిషి మాట పైయేడు కూడా వినొచ్చు. ఫోనే ఎత్తలేదనుకో, పుస్తకంలో ఆయన పేరు పక్కన ఓ గీత గియ్యి. పైయేడు ఆయనొస్తే మంచినీళ్ళివ్వు, పది సెంట్లు మాత్రం ఇవ్వకు.

టీ చల్లారిపోయింది చూడు, ఇలా ఇయ్యి, మళ్ళీ వేడి చేస్తా. ఈలోగా ఆ నంబరు ఎక్కించుకున్నావా లేదా?